మిగులు ముక్కలతో పలుచని బొంత

జాకెట్టు కుట్టి ఇచ్చేటప్పుడు టైలరు మిగిలిన గుడ్డను కూడా అందులోనే మడిచి పెట్టి ఇస్తాడు. అరచేయంత ఉన్న ఆ ముక్కను పారేయడానికి మనసొప్పదు, దేనికి వాడాలో తోచదు, కాబట్టి అది బీరువా అడుగుకు చేరుతుంది. పరికిణీ పొడవు తగ్గించినప్పుడు తీసిన పీలిక, పిల్లవాడి చొక్కాకు పోగా మిగిలిన జానెడు గుడ్డ, లైనింగు ముక్క ఒకదాని మీద ఒకటి చేరి కొన్నేళ్ళకు ఒక దిండు గలీబు నిండిపోతుంది. కావలిలోని మా ఇంట్లో అలాంటి గలీబులు మూడు ఉండేవి. ఆ ముక్కలతో బొంతలు కుట్టడం కొంత మా అమ్మమ్మ చెప్పగా, కొంత నేను చేసిన తప్పుల వల్ల నేర్చుకున్నాను. బొంత బాగా రావడమనేది కుట్టులో కంటే ముక్కలను ఎంచుకోవడంలోనే ఎక్కువగా ఉంటుందని నా గట్టి నమ్మకం. అందుకే సూది పట్టడానికి ముందు గుడ్డ గురించే ఎక్కువ చెప్తాను.

మొదటిసారి కుట్టేవారు మంచానికి సరిపడే పెద్ద బొంత జోలికి పోకుండా, 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు గల చిన్న బొంతతో మొదలుపెట్టడం మంచిది. పసిబిడ్డను పడుకోబెట్టేటప్పుడు కింద పరచడానికి అది చక్కగా సరిపోతుంది. దానికి కావలసినవి ఐదేసి అంగుళాల చదరపు ముక్కలు 80, మెత్తబడిన పాత నూలు చీర ఒకటి, నూలు దారం, సూదులు, పదునైన కత్తెర, స్కేలు, కాస్త మైనం. పావు అంగుళం చొప్పున నాలుగు వైపులా కుట్టులోకి పోగా ఐదంగుళాల ముక్క నాలుగున్నర అంగుళాలుగా తేలుతుంది. అడ్డంగా ఎనిమిది ముక్కలు పెడితే 36 అంగుళాలు, నిలువుగా పది పెడితే 45 అంగుళాలు వస్తాయి.

మన వైపు బొంతకు లోపల దూది అక్కరలేదని ముందుగానే చెప్పాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చలి ధనుర్మాసంలో కొద్ది వారాలు పలకరించి పోతుంది. మిగిలిన కాలమంతా ఉక్క, లేదా ఆశ్వయుజ కార్తీక మాసాల్లో సముద్రం మీది నుంచి వచ్చే వానల చెమ్మ. దూది నింపిన బొంతను ఉతికితే ఆ చెమ్మలో రోజుల తరబడి ఆరదు, లోపల వాసన పట్టి చివరికి పారేయవలసి వస్తుంది. మన పెద్దలు పాత చీరలనే పొరలుగా పేర్చి, వాటిని దగ్గర దగ్గర టాకాలతో బిగించి బొంత చేశారు. కన్నడ దేశంలోని కౌది, మరాఠీ వారి గోధడి, బెంగాలు కాంథా కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. నలిగిన నూలు గుడ్డ పొరలను టాకాలు పట్టి ఉంచుతాయి, పొరల మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని ఇస్తుంది, ఎండలో వేసిన కొద్ది గంటల్లోనే మొత్తం ఆరిపోతుంది.

ముక్కలను ఏరడం

గలీబులోని ముక్కలన్నీ చాప మీద కుమ్మరించి ముందుగా నూలును, తక్కినవాటిని వేరు చేయాలి. నూలు ముక్క నీటిలో తడిపితే కుంచించుకుంటుంది, పాలిస్టరు కుంచించుకోదు. ఈ రెండింటినీ పక్కపక్కన కుట్టితే ఉతికిన తర్వాత ఒకటి ముడుచుకొని రెండవది ఉబ్బి నిలుస్తుంది. చేతితో తాకి తేల్చుకోలేనప్పుడు ఒక మూల నుంచి రెండు పోగులు లాగి, పళ్ళెంలో పెట్టి, అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పోగు కరిగి కొంత బూడిద, కొంత పూస మిగిలితే అది టెరికాటన్ వంటి కలిపిన గుడ్డ అని అర్థం. అటువంటివాటిని కుప్పలో నుంచి తీసి సంచులు కుట్టడానికి దాచుకోవచ్చు.

జాకెట్టు గుడ్డల్లో టూ బై టూ రూబియా, పాప్లిన్ ఈ పనికి ఎంతో అనుకూలమైనవి. రెండూ బిగువుగా నేసినవి, అంచు త్వరగా పీచులు పోదు. చేనేత ముక్కల సంగతి వేరు. 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళేవరకు ప్రకాశంలో భాగంగా ఉన్న చీరాల నూలు చీరల ముక్కలు, అదే ఏడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన వెంకటగిరి చీరల ముక్కలు మన ఇళ్ళల్లో తరచుగా కనిపిస్తాయి. వెంకటగిరి నేత 100 నంబరు నూలుతో సాగే సన్నని నేత కనుక ఆ ముక్క ఒక్కటే పెడితే కింది కుట్టు మడతలు పైకి కనబడతాయి, రాపిడికి ముందుగా అదే చిరుగుతుంది. అలాంటి ముక్క వెనుక అదే కొలతలో పాత పంచె ముక్కను పెట్టి, రెండింటినీ ఒక్కటిగా ఎంచి కుట్టాలి. జరీ ఉన్న భాగం ఎంత అందంగా ఉన్నా పసిబిడ్డ బొంతలోకి తీసుకోవద్దు, ఆ లోహపు పోగు ఒరిపిడికి లేచి చర్మాన్ని గీరుతుంది. పూసలు, గుండీలు, అద్దాలు కూడా అంతే.

తరువాత రంగు పరీక్ష చేయాలి. ముదురు ఎరుపు, మెరూన్, నీలిమందు రంగు, నలుపు ముక్కలను ఒక్కొక్కటిగా తడిపి, పిండి, తెల్లని గుడ్డ మీద పెట్టి అరచేతితో గట్టిగా అదమాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను వేరుగా రెండు మూడుసార్లు ఉతికి మళ్ళీ చూడాలి, అప్పటికీ వదులుతుంటే వదిలేయాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట మీద ఆధారపడి నేను మా మేనకోడలి పురుటికి కుట్టిన మొదటి బొంతను పాడుచేసుకున్నాను. అందులో ఒకే ఒక్క మెరూన్ ముక్క ఉంది. మొదటి ఉతుకుకే దాని చుట్టూ ఉన్న ఎనిమిది లేత ముక్కలు గులాబీ రంగుకు తిరిగాయి, తీగ మీద ఆరేసిన చోట ఆ చార అంచు దాకా కారింది. నెల రోజుల పని అది. ఆ రోజు నుంచి పరీక్షించని ముదురు ముక్కను నేను కత్తిరించను కూడా.

పరీక్షలో నిలిచిన ముక్కలన్నిటినీ కొత్తవి, పాతవి అన్న తేడా లేకుండా ఉతకాలి. విడిగా ఉతికితే అంచులు పీచులు పోయి ఒకదానికొకటి చిక్కుపడతాయి కాబట్టి వాటిని గలీబులో వేసి మూతి కట్టి ఉతికితే ఆ ఇబ్బంది ఉండదు. కాస్త తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేసి, ముదురు, లేత, మధ్య రంగులుగా మూడు దొంతరలు పెట్టుకోవాలి.

పడుగు, పేక, ఏటవాలు

మా అమ్మమ్మ ఏ ముక్కను చేతిలోకి తీసుకున్నా రెండు వైపులా పట్టి ఒకసారి లాగి చూసేది. నేను ఎందుకని అడిగితే, "గుడ్డకి కూడా నడక ఉంటాది అమ్మాయ్, దాని నడకన పోనిస్తేనే మన మాట వింటాది" అని చెప్పేది. ఆమె చెప్పిన నడక పడుగుది. మగ్గం మీద నిలువునా బిగించి కట్టిన పడుగు పోగుల దిశలో గుడ్డ దాదాపు సాగదు, అడ్డంగా పోయే పేక దిశలో కొద్దిగా సాగుతుంది, మూల నుంచి మూలకు లాగితే బాగా సాగుతుంది. చంక దగ్గర, మెడ దగ్గర కత్తిరించగా మిగిలే జాకెట్టు ముక్కల అంచులు ఎక్కువగా ఏటవాలుగానే ఉంటాయి. వాటి అంచును ఆధారం చేసుకుని చదరం గీస్తే కుట్టేటప్పుడు అది సాగి, వరుస మొత్తం పాము నడకలా వంకర పోతుంది. కాబట్టి ముక్క అంచును పట్టించుకోకుండా, పోగుల దిశను చూసి, ఆ దిశకు సమాంతరంగానే చదరం గీయాలి. కళ్ళకు పోగు కనబడకపోతే అంచు నుంచి ఒక పోగును మెల్లగా లాగితే గుడ్డ మీద సన్నని గీత పడుతుంది. ఆ గీతే మనకు స్కేలు.

కొలత అట్టకు పెళ్ళి శుభలేఖ అట్ట బాగుంటుంది, పాత ఎక్స్‌రే ఫిల్ము ఇంకా బాగుంటుంది. ఫిల్ము గీతలకు అరగదు, అందులో నుంచి గుడ్డ మీది పువ్వు ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. చేతితో కుట్టేవారు నాలుగున్నర అంగుళాల చదరంగా అట్టను కత్తిరించి, గుడ్డ తిరగ వైపున పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ గీతకు పావు అంగుళం బయటగా కత్తిరించాలి. అప్పుడు సూది నడవవలసిన దారి ముక్క మీదే ఉంటుంది, కత్తిరింపు కొద్దిగా అటూ ఇటూ అయినా కొలత తప్పదు. మిషను మీద కుట్టేవారు ఐదంగుళాల చదరాన్నే నేరుగా కత్తిరించుకుని, సూదికి పావు అంగుళం దూరంలో మిషను పలక మీద ప్లాస్టరు అంటించుకుంటే ఆ అంచును పట్టుకుని కుట్టుకుపోవచ్చు. వదులు నేత గల చేనేత ముక్కలకు పావు అంగుళం చాలదు, కుట్టులో నుంచి పోగులు జారిపోతాయి. వాటికి అర అంగుళం వదలాలి.

ఐదంగుళాలకు తక్కువైన పీలికలను ఎవరూ పారేయవద్దు, నా దృష్టిలో బొంతకు అందం వాటి వల్లనే వస్తుంది. పాత పంచె నుంచి ఐదున్నర అంగుళాల చదరం ఒకటి తీసుకోండి. దాని మీద మూల నుంచి మూలకు ఒక పీలికను పై ముఖం పైకి ఉండేలా పరచండి. రెండవ పీలికను దాని మీద బోర్లించి, రెండింటి అంచులు కలిపి పంచె గుడ్డతో సహా కుట్టి, రెండవదాన్ని అవతలికి తిప్పి వేలి గోరుతో అదమండి. ఇలా ఒక్కొక్క పీలికను బోర్లించి, కుట్టి, తిప్పుకుంటూ రెండు మూలల వరకు నింపి, చివరికి ఇస్త్రీ చేసి ఐదంగుళాలకు కత్తిరిస్తే అది మిగిలిన ముక్కలతో సమానమైన ముక్కవుతుంది. అడుగున పంచె పడుగు, పేక సరిగా ఉన్నందువల్ల పైన పీలికలు ఏటవాలుగా ఉన్నా సాగవు. ఒక అంగుళం వెడల్పున్న పీలిక కూడా ఇందులో ఇమిడిపోతుంది.

త్రికోణాలు కావాలనుకునేవారు ఒక ముదురు, ఒక లేత ముక్కను ఐదున్నర అంగుళాల చదరాలుగా కత్తిరించి, ముఖాముఖిగా పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, ఆ గీతకు రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత వెంట కత్తిరించాలి. విప్పితే రెండు చదరాలు వస్తాయి, అంచులు సవరించి ఐదంగుళాలకు తెచ్చుకోవాలి. విడి త్రికోణాలు కత్తిరించి కుట్టడం కంటే ఇది చాలా నయం, ఏటవాలు అంచు చేతిలో సాగే అవకాశమే ఉండదు.

పేర్పు, అతుకు

ముక్కలను ఇంటి నడవలో వరుసకు ఎనిమిది చొప్పున పది వరుసలుగా పరిచి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూడాలి. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే ముదురు ముక్కలన్నీ ఒకే మూలన గుంపు కట్టాయో లేదో వెంటనే తెలుస్తుంది. రంగుల మోజులో మన కంటికి ఆ సంగతి పట్టదు. పేర్పు తేలిన తరువాత ప్రతి వరుసను ఎడమ నుంచి కుడికి దొంతరగా తీసి, మొదటి ముక్కకు వరుస సంఖ్య రాసిన చీటీ గుచ్చి ఉంచాలి.

ఒక్కొక్క వరుసలో ఎనిమిది ముక్కలను ముందు కలపాలి. దారం మూరెడే తీసుకోవాలి, బారెడు తీస్తే ఆదా అవుతుందనిపిస్తుంది కానీ ముడులు పడి, గుడ్డలో పదే పదే రాసుకుని సగంలోనే తెగుతుంది. దారానికి మైనం పట్టించి రెండు వేళ్ళ మధ్య లాగితే చిక్కు పడదు. పెన్సిలు గీత వెంట చిన్న టాకాలు వేస్తూ, అంగుళానికొకసారి ఒక వెనక కుట్టు వేస్తే అతుకు గట్టిగా ఉంటుంది. కుట్టిన తర్వాత లోపలి మడతను ముదురు ముక్క వైపు ఒరగదోసి ఇస్త్రీ చేయాలని సాధారణంగా చెబుతారు, లేత గుడ్డలో నుంచి నీడ కనబడకుండా ఉండడం కోసం. నేను దాని కంటే వరుసల పొత్తుకే ఎక్కువ విలువ ఇస్తాను: మొదటి వరుస మడతలన్నీ ఎడమకు, రెండవ వరుసవి కుడికి, మూడవవి మళ్ళీ ఎడమకు ఒరగాలి. అలా చేస్తే రెండు వరుసలను ముఖాముఖిగా పెట్టినప్పుడు ఒక మడత రెండవదాని పక్కన గాడిలో పడినట్టు ఆగుతుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా ఆ గాడి తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుడితే నాలుగు ముక్కల మూలలు ఒకే చుక్కలో కలుస్తాయి, మడతలు ఒకదాని మీద ఒకటి పడి దళసరి కాకుండా కూడా ఉంటుంది.

పొరలు, టాకాలు

ఐదున్నర మీటర్ల చీర 216 అంగుళాలకు వస్తుంది, వెడల్పు 45 అంగుళాల దాకా ఉంటుంది. అందులో నుంచి 49 అంగుళాల చొప్పున మూడు ముక్కలు కత్తిరించి, వెడల్పును 40 అంగుళాలకు తగ్గిస్తే అస్తరుకు, అంటే బొంత వెనుక వైపు గుడ్డకు ఒకటి, లోపలి పొరలకు రెండు దొరుకుతాయి. అంచుపట్టీకి ఇంకా 69 అంగుళాల గుడ్డ మిగులుతుంది. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, కూర్చునే చోట పలుచబడిన భాగాన్ని లోపలి పొరకు, గట్టి భాగాన్ని అస్తరుకు వాడాలి. ఈ పొరలు పై ముఖం కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండడం అవసరం, ఎందుకంటే టాకాలు వేసేకొద్దీ గుడ్డ లోపలికి లాగుకుంటుంది.

అస్తరును గచ్చు మీద బోర్లించి, ముడతలు లేకుండా లాగి, అంచులకు ప్లాస్టరు అంటించాలి. దాని మీద రెండు పొరలు, అన్నిటి పైన ముక్కల ముఖం పరిచి అరచేతులతో మధ్య నుంచి అంచులకు నిమరాలి. ఆ తరువాత మధ్య నుంచే మొదలుపెట్టి, బెత్తెడు ఎడంగా, పొడవాటి కచ్చా కుట్లు నిలువునా అడ్డంగా వేయాలి. ఈ కచ్చా కుట్టుకు గంటన్నర పడుతుంది, దాన్ని తప్పించుకుందామని గుండుసూదులతో సరిపెట్టినవారి బొంతల్లో అస్తరు ముడతలు తిరగేసి చూసేదాకా బయటపడవు, అప్పటికి విప్పుకోవడం తప్ప దారి ఉండదు.

అసలు టాకా కూడా మధ్యలోనే మొదలవుతుంది. దారం చివర చిన్న ముడి వేసి, మొదలుపెట్టే చోటికి అంగుళం దూరంలో సూదిని పై పొరలోకి గుచ్చి, కావలసిన చోట పైకి తీసి కాస్త చురుగ్గా లాగితే ముడి గుడ్డ దాటి లోపల పొరల మధ్యకు వెళ్ళి దాగుతుంది. ఎడమ చేయి బొంత కింద ఉండాలి. సూది మొన ఆ వేలి కొసకు చిన్నగా తగిలితేనే నాలుగు పొరలూ దాటిందని నమ్మకం. మూడు నాలుగు టాకాలు సూది మీదికి ఎక్కించి ఒక్కసారి లాగితే వరుస తిన్నగా వస్తుంది. అంగుళానికి నాలుగు టాకాలు పడితే మొదటి బొంతకు చాలు, చేయి తిరిగినవారికి ఐదారు పడతాయి. టాకాలు చిన్నవిగా ఉండడం కంటే ఒకే తీరుగా ఉండడం మేలు. వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచాలి. దారాన్ని బిగించి లాగవద్దు. టాకా దగ్గర గుడ్డ చిన్న గుంటలా దిగితే సరిపోతుంది, కుచ్చులా ముడుచుకుందంటే లాగుడు ఎక్కువైందన్నమాట. కుడిచేతి మధ్యవేలికి లోహపు తొడుగు లేకుండా నాలుగు పొరలు కుట్టడానికి ప్రయత్నించకండి, మొదటి సాయంత్రానికే వేలు కాయ కాస్తుంది.

ముక్కలను సమానంగా కత్తిరించే ఓపిక లేనివారికి ఇంకొక పద్ధతి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ ప్రాంతంలో ఉండే, ఆఫ్రికా మూలాలు గల సిద్దీ తెగ స్త్రీలు కవంది అనే బొంతను ఏ కొలతా లేకుండా కుడతారు. అస్తరు గుడ్డ అంచు దగ్గర మొదలుపెట్టి, చేతికి వచ్చిన ముక్క అంచులను లోపలికి మడిచి పెట్టి, దాని మీదుగా టాకాలు వేసుకుంటూ, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. అతుకూ టాకా ఒకే కుట్టులో అయిపోతాయి. నేను ఈ విధంగా ఒకటి కుట్టాను, చాలా గట్టిగా నిలిచింది. ఇందులో ప్రతి ముక్కా ముందు ముక్క అంచును బెత్తెడు కాకపోయినా అర అంగుళమైనా కప్పాలన్న ఒక్క సంగతి మరవకూడదు.

అంచుపట్టీ, ఆ తరువాత

టాకాలు పూర్తయిన తరువాత కచ్చా కుట్లు విప్పి, మిగులు అంచును సమంగా కత్తిరించాలి. మిగిలిన చీర ముక్క నుంచి రెండున్నర అంగుళాల వెడల్పు, 69 అంగుళాల పొడవు గల పట్టీలు మూడు తీసి కలిపితే, చుట్టూ కావలసిన 162 అంగుళాలకు, మూలల మడతకు సరిపోగా ఇంకా మిగులుతుంది. పట్టీని పొడవునా రెండుగా మడిచి ఇస్త్రీ చేసి, తెరిచి ఉన్న అంచును బొంత ముందు వైపు అంచుతో కలిపి కుట్టి, మడత వైపును వెనక్కి తిప్పి హెమ్మింగు చేయాలి. మూలకు పావు అంగుళం ఉండగానే కుట్టు ఆపి, పట్టీని పైకి ఏటవాలుగా మడిచి, మళ్ళీ కిందికి దించి రెండవ వైపు మొదలుపెడితే మూల కోసుగా నిలుస్తుంది.

మంచపు బొంత కావాలంటే ఇదే కొలతలో అడ్డంగా 12, నిలువుగా 18, మొత్తం 216 ముక్కలు పట్టి 54 × 81 అంగుళాలు వస్తుంది. చుట్టూ మూడంగుళాల పట్టీ చేరిస్తే 60 × 87 అవుతుంది. అస్తరుకు ఒక చీరను 91 అంగుళాల చొప్పున రెండుగా కత్తిరించి పక్కపక్కన అతకాలి, లోపలి పొరకు మరొక చీర కావాలి.

పసిబిడ్డ బొంతను బిడ్డ కింద పరచడానికే వాడాలి, ముఖం మీదికి జారేలా కప్పవద్దు. ఉతికినప్పుడు మెలితిప్పి పిండకుండా మడిచి అదిమి నీరు తీసి, ఒక తీగ మీద కాకుండా రెండు తీగల మీద పరచినట్టు వేస్తే బరువు ఒకే చోట పడి టాకాలు తెగవు. రోహిణీ కార్తె ఎండ రంగును లాగేస్తుంది కాబట్టి ముఖం లోపలికి, అస్తరు పైకి ఉండేలా ఆరేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు ఉతకకుండా, తెరపిచ్చిన రోజున గాలికి వేస్తే చాలు. ట్రంకు పెట్టెలో పెట్టే ముందు బాగా ఎండిన వేపాకును పలుచని గుడ్డలో కట్టి మడతల మధ్య ఉంచి, ఆరు నెలలకొకసారి తీసి మడత మార్చాలి. ఏదైనా ముక్క చిరిగితే దాన్ని విప్పే పని పెట్టుకోవద్దు. కొంచెం పెద్ద ముక్కను అంచులు మడిచి దాని మీదే పెట్టి, పాత టాకాల వరుస మీదుగా కొత్త దారంతో కుట్టేయాలి. అందుకే కత్తిరింపులో మిగిలిన నాలుగైదు ముక్కలను ఆ బొంత మడతలోనే దాచి పెట్టుకోండి.